మాస్టారు మేకు పాతిన చోట దిమ్మె కట్టకండి: మన హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘానికి బహిరంగ లేఖ

సంఘం అధ్యక్షులు అన్నయ్యగారికీ, కార్యదర్శిగారికీ, కమిటీలో ఉన్న అన్నలకీ అక్కలకీ నమస్కారమండి.

నేను 1998 పదో తరగతి బ్యాచ్. పేరు చెబితే గుర్తుపట్టరేమో గానీ, జిల్లా మీట్‌లో రిలే పాడుచేసిన పిల్ల అంటే మీలో సగం మందికి గుర్తొస్తాను. ఇప్పుడు అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్లో లెక్కలు రాసుకుంటున్నాను. ఈ మాటలు వాట్సాప్ గ్రూపులో పెడితే పది నిమిషాల్లో గుడ్ మార్నింగుల కింద పడి మాయమైపోతాయని ఇలా బయటే రాస్తున్నాను.

మొన్న శుక్రవారం మీరు పెట్టిన ప్లాను చూశాను. పోయిన మన సోషల్ మాస్టారి నిలువెత్తు విగ్రహం, నాలుగడుగుల దిమ్మె, చుట్టూ స్టీలు రెయిలింగు, క్రోటన్ మొక్కలు, గేటు దగ్గర్నుంచి దిమ్మె దాకా టైల్స్ బాట. అంచనా 6 లక్షల 40 వేలు. దాని కింద వరసగా దండాలు. నేనూ ఒక దండం పెట్టేశాను. రాత్రి భోజనాలయ్యాక కాగితాన్ని పెద్దది చేసి చూస్తే అప్పుడు అర్థమైంది, దిమ్మె ఎక్కడ లేస్తోందో. మన గ్రౌండులో పరుగుల ట్రాకు తూర్పు వంపు మధ్యలో. ఏటా మాస్టారు మేకు పాతిన చోట.

మేకు సంగతి తర్వాతి బ్యాచ్‌ల వాళ్లకి తెలియకపోవచ్చు. మన గ్రౌండులో 400 మీటర్ల ట్రాకు పట్టదు. మాస్టారు 200 మీటర్లదే గీసేవారు. వంపు గుండ్రంగా రావాలంటే మధ్యలో ఇనప మేకు దిగేసి, దానికి 18 మీటర్ల తాడు కట్టి, రెండో కొస దగ్గర సున్నం పోసుకుంటూ తిరగాలి. రెండు వంపులూ కలిపి 113 మీటర్లు. మిగిలిన 87 మీటర్లూ అటో తిన్నని దారి, ఇటో తిన్నని దారి. పై (π) అంటే ఏమిటో లెక్కల క్లాసులో నాకు ఎక్కలేదు. ఆ తాడు కొస పట్టుకుని మంచులో చెప్పుల్లేకుండా సగం చుట్టు తిరిగిన పొద్దున్నే ఎక్కింది.

నాలుగు లేన్లు, ఒక్కోటి 1.22 మీటర్లు. బయటి లేను చుట్టు పొడుగు కాబట్టి, ఒక చుట్టు పందెమైతే రెండో లేనులో వాణ్ణి 7.04 మీటర్లు ముందు నిలబెట్టాలి. మా క్లాసులో ఒకడు ఏటా అదే గోల పెట్టేవాడు, "వాణ్ణి ముందు నిలబెట్టారేంటండీ" అని. మాస్టారు వాడి చేతికే తాడిచ్చి రెండు లేన్లూ కొలిపించారు. కొలిచి నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత నెలకో ఎప్పటికో రాజ్యాంగం పాఠం వచ్చింది. రిజర్వేషన్ల మాట రాగానే వెనక బెంచీలో ఎవరో ఏదో గొణిగారు. మాస్టారు కోప్పడలేదు. బోర్డు మీద ఒకదాని లోపల ఒకటి రెండు వంపులు గీసి, బయటి వంపు మీద 7.04 అని వేసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డారు. ఆ పూట పాఠం అంతే.

సోషల్ మాస్టారికి పరుగులతో పనేంటని కొత్తగా చేరిన అయ్యవార్లు అడిగేవారట. మన స్కూల్లో డ్రిల్లు మాస్టారి పోస్టు ఏళ్ల తరబడి ఖాళీ. ఈయన ఇష్టపడి మీద వేసుకున్నారు. జీతంలో ఒక్క రూపాయి కలిసింది లేదు. పైపెచ్చు సున్నం బస్తా ఆయన డబ్బులతోనే వచ్చేది. హైజంప్‌కి పరుపు లేకపోతే కొబ్బరి పీచు కుక్కిన గోనెసంచులు పరిచేవారు. బ్యాటన్ కావాలంటే వెదురు గొట్టం కోసి ఎర్ర రంగు పూసేవారు. లాంగ్ జంప్ గుంటలోకి ఇసుక ఏట్లోంచి నావలో వచ్చేది, దించుకోవడం మా వంతు.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చెయ్యను. పరిగెత్తే పిల్లలంటే ఆయనకి పక్షపాతం. పరిగెత్తని పిల్లల పేర్లు సంక్రాంతి సెలవులదాకా ఆయన నోటికి వచ్చేవి కావు. జాగ్రఫీ ఎప్పుడూ ఫిబ్రవరిలోనే మొదలయ్యేది, గబగబా చదివేసి "ఇంటి దగ్గర చూసుకోండి" అనేవారు. పబ్లిక్ పరీక్షలో సోషల్‌లో నాకొచ్చిన మార్కులకి మా నాన్న ఆయన్నే తిట్టాడు, కొంత న్యాయంగానే.

కానీ చరిత్ర మాత్రం ఆయన చెప్పినట్టు నాకు మళ్లీ ఎవరూ చెప్పలేదు. మే 15 కాటన్ దొర పుట్టినరోజు కదా. వేసవి సెలవులైనా పరుగుల పిల్లల్ని పోగేసి, సెంటర్లో గుర్రమెక్కిన దొర విగ్రహానికి దండ వేయించేవారు. తిన్నగా అక్కణ్ణుంచి కాలవకి తీసుకెళ్లేవారు. ఆ నెలలో కాలవలు కట్టేసి ఉంటాయి. ఎండిన కాలవలోకి దిగి, మెత్తటి ఇసుకలో లాకులదాకా పరుగు. కాళ్లు బరువెక్కి కూలబడ్డాక అప్పుడు చెప్పేవారు. 1830ల్లో వచ్చిన కరువు సంగతి, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన సంగతి, 1847లో ధవళేశ్వరంలో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తిచేసిన సంగతి. దొర పేరు చెప్పాక, ఆనకట్ట పనిలో దొరకి తోడుగా నిలిచిన వీణెం వీరన్నగారి పేరు చెప్పేవారు. ఆ తర్వాత, రాళ్లు మోసిన కూలీల్లో ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం అనేవారు. మాకు రాదు. ఆయనకీ రాదు. "ఇందాక మీరు పరిగెత్తిన గుంట తవ్వింది వాళ్లే" అని లేచి, మళ్లీ వెనక్కి పరిగెత్తించేవారు.

గన్నవరం అక్విడక్టు మీద కూడా అంతే. 49 ఖానాలనీ లెక్కపెట్టుకుంటూ పరిగెత్తాలి, లెక్క తప్పినవాళ్లు మళ్లీ మొదట్నుంచి. కింద వైనతేయ, పైన పంట కాలవ. ఏటి మీద ఇంకో ఏరు దాటుతోందని ఆయన అన్నప్పుడు మేం వంగి కిందికి చూడ్డం నాకింకా కళ్లకి కట్టినట్టుంది. ఆ పక్కన కొత్తది కట్టాక దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. వచ్చినవాళ్లకి వచ్చినట్టు అన్నం పెట్టిన ఆవిడ పేరు, లంకకి నీళ్లు మోసే కట్టడానికి. అది మాస్టారికి భలే నచ్చింది.

మా నిక్కర్ల గుడ్డ చూపించి కూడా పాఠం చెప్పేవారండోయ్. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో నేసిన గుడ్డ ఓడలెక్కి సీమకి, అంటే ఇంగ్లండుకి వెళ్లి, అక్కడ మదపోలం అనే పేరుతోనే అమ్ముడుపోయిందని చెప్పి, "అలాంటి ఊళ్ల వాళ్లం, ఇవాళ మనకి నిక్కరు కుట్టించుకోడానికి డబ్బుల్లేవు" అని పగలబడి నవ్వేవారు.

దుర్గాబాయమ్మగారి, అదే దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారి కథ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు పద్నాలుగేళ్ల పిల్ల, ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని నెహ్రూనే ఆపేసింది. ఈ కథ చెప్పిన వారానికి మాకు ఆటల పోటీలు. మా క్లాసు పిల్లని ఒకదాన్ని తాడు దగ్గర కాపలా పెట్టారు. పందెం మధ్యలో అప్పటి ఊరి ప్రెసిడెంటుగారు మోటారుసైకిలు మీద లేన్లకి అడ్డంగా వచ్చారు, స్టేజీకి దగ్గరదారని. ఇది చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. ఆయన అగ్గి మీద గుగ్గిలం. హెడ్మాస్టారు పరిగెత్తుకొచ్చారు. సోషల్ మాస్టారు మాత్రం కదల్లేదు, విజిలు నోట్లోంచి తియ్యలేదు. ప్రెసిడెంటుగారు బండి దిగి, తోసుకుంటూ గ్రౌండు చుట్టూ తిరిగి వెళ్లారు. ఆ పిల్ల ఇప్పుడు కువైట్‌లో ఇంటిపని చేసుకుంటోంది. విగ్రహం ఫండుకి పదివేలు పంపిందని లిస్టులో చూశాను. మీరు వేసే టైల్స్ బాట సరిగ్గా ఆ రోజు అది బండి ఆపిన చోటే నాలుగు లేన్లనీ కోసుకుంటూ పోతుంది. దానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

1996 తుపాను గురించి రాయకుండా ఉండలేను. నవంబరు 6, బుధవారం. నాలుగు రోజుల్లో దీపావళి. రాత్రంతా పిచ్చిగాలి. తెల్లారి బయటికొస్తే ఆకాశం పెద్దదైపోయినట్టుంది, కొబ్బరిచెట్లు లేక. ఉన్నవాటికి తలలు లేవు. రోడ్డంతా చెట్లు, స్తంభాలు. ఫోన్లు లేవు, జీపు వచ్చే దారి లేదు. మాస్టారిల్లు పైకప్పు సగం ఎగిరిపోయింది. ఆయన అది వదిలేసి మా ఇళ్ల చుట్టూ తిరిగి పరుగుల పిల్లల్ని పన్నెండు మందిని పోగేశారు. లంక దగ్గర్నుంచి మండలాఫీసు తొమ్మిది కిలోమీటర్లు. మమ్మల్ని దారి పొడవునా నిలబెట్టారు. ఎన్ని ఇళ్లు పడ్డాయి, తాగే నీళ్లు ఎక్కడున్నాయి, దెబ్బలు తగిలినవాళ్లు ఎవరు అని చీటీ రాసి, పాలిథిన్ కవరు చుట్టి, ఆ వెదురు బ్యాటన్‌లో దోపి ఇచ్చారు. పడ్డ చెట్ల మీదనుంచి ఎక్కి దిగి, బురదలో జారి, మొదటి చీటీ గంటంపావులో చేరింది. ఆ రోజంతా, మర్నాడంతా చీటీలే. మూడో చీటీలో ఒక నిండు చూలాలి పేరుంది. సాయంత్రానికి ఆవిణ్ణి మంచంతో మోసుకెళ్లే మనుషులు దొరికారు. ఆ రాత్రి పుట్టినవాడు ఇప్పుడు మీ కమిటీలోనే ఉన్నాడు. పేరు చెప్పను, వాళ్లమ్మని అడగమనండి.

తుపాను తగ్గాక రెండు నెలలకి జిల్లా మీట్, కాకినాడలో. రిలే జట్టుకి మాస్టారి రూలు ఒకటుండేది: నలుగురూ నాలుగు పేటల పిల్లలై ఉండాలి. దీనికి ఊళ్లో కొందరు మొహం మాడ్చుకున్నారు. ఆయన జవాబు చెప్పలేదు, రూలూ మార్చలేదు. నాది మూడో పరుగు. అప్పట్లో బ్యాటన్ మార్చుకునే జోను 20 మీటర్లే. నేను అందించేసరికి నాలుగో పిల్ల జోను దాటేసింది. జట్టుని తీసేశారు. తిరిగొస్తూ కోటిపల్లి రేవులో పంటు కోసం కూర్చుని ఏడుస్తుంటే, మాస్టారు పులిహోర పొట్లం కొనిచ్చారు, నలుగురికీ ఒకటే. నలుగురం ఒకే పొట్లంలో తిన్నాం. ఆ సంగతి మా అమ్మకి నేను ఇప్పటిదాకా చెప్పలేదు. మాస్టారి నోటుబుక్కులో ఆ రోజు తారీఖు కింద ఏముందో చాలా ఏళ్ల తర్వాత చూశాను: "మూడో మార్పు జోను దాటింది. పరుగు మొదలెట్టే గుర్తు నేను దూరం పెట్టించాను." అంతే. నా పేరు లేదు.

మన గ్రౌండు నుంచి నేషనల్స్‌కి వెళ్లినవాళ్లు లేరు. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2022 కామన్వెల్త్ క్రీడల్లో డబుల్స్ బంగారం కొడితే ఊరంతా బాణసంచా కాల్చాం, మాస్టారు కూడా స్వీట్లు పంచారు. ఆయన తయారుచేసింది మాత్రం ఎక్కువగా కానిస్టేబుళ్లని. సెలక్షన్‌లో 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి. మన ట్రాకు మీద సరిగ్గా 8 చుట్లు, చుట్టుకి నిమిషం. వాచీ చూడక్కర్లేదు, చుట్టుకోసారి మాస్టారి కేక వినబడితే చాలు. 2012లో 58 ఏళ్లకి రిటైరయ్యాక కూడా పొద్దున్నే సైకిలేసుకుని వచ్చి ఆ కేక వేసేవారు. పోయిన కార్తీకం దాకా.

భోగి పరుగులు ఎందుకు పెట్టారో తెలుసా మీకు? సంప్రదాయం అనుకుంటున్నారు చాలామంది. పండక్కి గ్రౌండు ఖాళీగా ఉంటే కోడిపందాల బరి వెలుస్తుందని. గేటుకి తాళం వేస్తే పగలగొడతారు. అందుకని భోగి తెల్లవారుజామునే ట్రాకు గీసి, ఊరందరికీ పందేలు పెట్టేశారు. యాభై దాటిన ఆడవాళ్లకి వంద మీటర్లు. మా నానమ్మ చీర గోచీ పోసి పరిగెత్తి రెండో స్టీలు గిన్నె గెలుచుకుంది. నానమ్మలు పరిగెత్తే చోట బరి కట్టడానికి ఎవరికి మొహం చెల్లుతుందండీ?

ఇక మీరు అనబోయే మాటలు. మాస్టారే విగ్రహానికి దండ వేసేవారు కదా, ఆయనకి విగ్రహం పెడితే తప్పేంటి? తప్పేం లేదు. ప్రహరీ బయట, సెంటర్లో, దొర పక్కనే పెట్టండి, నేనూ చందా ఇస్తాను. నా గొడవంతా ఆ చోటుతోనే.

రెండో మాట, ఇప్పుడు ఎవరు పరిగెత్తుతున్నారమ్మా, గ్రౌండు ఊరికే పడుంది అని. ఊరికే ఎందుకు పడుందో ఒకసారి జులైలో వచ్చి చూడండి. రోడ్డు ఎత్తు చేశారు, గ్రౌండు పల్లమైపోయింది. వెనక మురుగు బోదె సగం పూడిపోయింది, మిగతా సగం గుర్రపుడెక్క. వాన పడితే నవంబరు దాకా నీళ్లే. పిల్లలు ఎక్కడికి పోతారు? కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిన దగ్గర్నుంచి తెల్లవారుజామున 216 హైవే మీద లారీల పక్కన పరిగెత్తుతున్నారు. నేను కొట్టుకెళ్లే బస్సులోంచి రోజూ చూస్తున్నాను. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో బడికి ఉండాల్సినవాటిలో ఆటస్థలం కూడా ఉంది. ఉన్న ఆటస్థలంలో మనమే దిమ్మె కడితే చట్టం మాత్రం ఏం చేస్తుంది?

లెక్కలు రాసే దాన్ని కాబట్టి లెక్క వేశాను. బోదె పూడిక తీసి తూములు వెయ్యడం, తూర్పు వంపు వైపు గ్రావెల్ పోసి ఎత్తు చెయ్యడం, జంపు గుంటకి రెండు లారీల ఇసుక, పదేళ్లకి సరిపడా సున్నం. మా కొట్టు పక్కన మట్టిపనులు చేయించే ఒకాయన చెప్పిన అంచనా 4 లక్షల 10 వేలు. మిగిలింది బ్యాంకులో వెయ్యండి, భోగి గిన్నెలకి పనికొస్తుంది. ఇంకొక్క పని, దీనికి ఖర్చేం లేదు. వరండా స్తంభం మీద 1986 ఆగస్టు వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మాస్టారు ఎర్రగీత పెట్టించారు. మొన్న బడికి రంగులు వేసినప్పుడు అది కనబడకుండా పోయింది. ఎత్తు నోటుబుక్కులో ఉంది, నేను తెస్తాను. బ్రష్షు పట్టుకునేవాళ్లు ఒకరుంటే చాలు.

గ్రౌండులో ఆయన గుర్తు ఏదీ ఉండొద్దా అంటే, ఉండాలి. మేకు పాతే చోట నేలకి సమానంగా ఒక నల్లరాయి పరవండి, మధ్యలో మేకు పట్టేంత బెజ్జం ఉండేలా. కాలికి తగలదు, తాడుకి అడ్డం రాదు. పేరు చెక్కాలా వద్దా అన్నది మీ ఇష్టం.

దశదినాలయ్యాక మాస్టారింటి అమ్మగారు ఆయన సామాన్లు సర్దుతూ నాకు రెండు ఇచ్చారు. ఒకటి నోటుబుక్కు. ఇంకోటి తాడు. 18 మీటర్ల దగ్గర ముడి ఇంకా గట్టిగానే ఉంది, సున్నం పట్టి రాయిలా అయిపోయింది. వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి అది పట్టుకుని గ్రౌండుకి వస్తాను. పునాది తవ్వే మనుషుల్ని సోమవారం రమ్మన్నారని విన్నాను, ఒక్క రోజు ముందు మీరందరూ కూడా రండి. మేకు మాత్రం నా దగ్గర లేదు. సుత్తీ మేకూ మీలో ఎవరైనా తెండి.

ఇట్లు,
మీ చెల్లెలు,
1998 బ్యాచ్, మూడో పరుగు